బోర్డు పెట్టని ఇల్లు



మన వినుకొండలో సొంత ఇల్లు కావాలని ఎవరికి ఉండదు? అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ బాధ తెలుసు. నెల తిరిగేసరికి అద్దె కట్టాలి. ఖాళీ చెయ్యమంటే చెయ్యాలి. పిల్లల్ని, సామాన్ని వేసుకుని ఇంకో వీధి వెతుక్కోవాలి.

ఈ పాఠంలో ఒక అక్క కథ చదువుదాం. ఆమె మిర్చి కోతలకు పోతుంది. సాయంత్రం మన చదువు కేంద్రానికి వస్తుంది. పొదుపు సంఘంలో పదేళ్లు డబ్బు దాచింది. ఇల్లు కొనాలనుకుంది.

"అమ్మబడును" అని బోర్డు ఉన్న ఇళ్లన్నీ చూసింది. ఒక్కటీ ఆమెకు అందలేదు. బోర్డు చూసి పదిమంది వస్తారు. పదిమంది వస్తే ధర పెరుగుతుంది. మధ్యలో దళారి కమిషను ఒకటి. అక్క దిగులు పడింది.

అప్పుడు పాలు పోసే పిన్నమ్మ ఒక మాట చెప్పింది.

"ఏందే, బోర్డులు చూసుకుంటా తిరుగుతున్నావు? మా వెనక వీధిలో ఇంటికి ఏడాది నుంచి తాళం. ముసలామెను కొడుకు హైదరాబాదు తీసుకుపోయాడు. అమ్ముతారేమో అడగరాదూ?"

అమ్మకానికి పెట్టని ఇల్లు అంటే ఇదే. అమ్మాలనే ఆలోచన ఇంటివాళ్ల మనసులో ఉంటుంది. బయటికి ఇంకా రాలేదు.

ఇలాంటి ఇల్లు ఎట్లా తెలుస్తుంది?

1. వీధులు నడిచి చూడండి. చాలాకాలం తాళం వేసి ఉన్న ఇల్లు, వాకిలి ఊడ్వని ఇల్లు, గోడ కూలినా బాగుచేయని ఇల్లు కనబడితే పక్కింటివాళ్లను అడగండి.

2. ఇల్లిల్లూ తిరిగేవాళ్లను అడగండి. పాలు పోసేవాళ్లు, పోస్టుమ్యాన్, తాపీ మేస్త్రి, కిరాణా కొట్టు అతను. ఎవరు ఊరు వదిలిపోతున్నారో వాళ్లకు ముందు తెలుస్తుంది.

3. పొదుపు సంఘంలో చెప్పండి. "నాకు రెండు సెంట్లలో చిన్న ఇల్లు కావాలి" అని పదిమంది చెవిన వెయ్యండి. కానీ మీ దగ్గర ఎంత డబ్బు ఉందో చెప్పకండి.

4. పండుగలు చూసుకోండి. గుంటూరు, హైదరాబాదు పోయి స్థిరపడినవాళ్లు సంక్రాంతికి వస్తారు. తొలి ఏకాదశికి కొండమీద రామలింగేశ్వరస్వామి తిరునాళ్లకు వస్తారు. అప్పుడు నేరుగా మాట్లాడవచ్చు.

ఒక్క మాట. చావు జరిగిన ఇంటికి ఆ దినాల్లో పోయి "ఇల్లు అమ్ముతారా?" అని అడగవద్దు. అప్పుల్లో ఉన్నవాళ్లను బెదరగొట్టి తక్కువ ధరకు లాక్కోవద్దు. మనకు ఇల్లు ఎంత అవసరమో, వాళ్లకు ఆ డబ్బు అంతే అవసరం.

బజానా ఇచ్చే రోజు

అక్క ఆ ఇంటి కొడుకుకు ఫోను చేసింది. అతను సంక్రాంతికి వచ్చాడు. ధర కుదిరింది.

"రేపే యాభై వేలు బజానా ఇయ్యక్కా. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. ఆలస్యమైతే నాకు తెలియదు" అన్నాడు. ఒక కాగితం కూడా రాసి తెచ్చాడు.

రెండేళ్ల క్రితమైతే అక్క వేలిముద్ర వేసి డబ్బు ఇచ్చేది. ఇప్పుడు చదవడం వచ్చు. కాగితం తీసుకుని ఒక్కొక్క మాట కూడబలుక్కుని చదివింది. మూడో వరుసలో ఇలా ఉంది:

"మా తండ్రి గారి ఇంటికి నేను ఒక్కడినే వారసుడిని."

అక్క ఆగింది. పాల పిన్నమ్మ చెప్పింది గుర్తుకొచ్చింది. ముసలామెకు ఇద్దరు కూతుళ్లు. పెద్దామెది మాచర్ల. చిన్నామెది నరసరావుపేట.

"మీ అక్కచెల్లెళ్ల మాటేంది అన్నా? మీ అమ్మ సంతకమేది?" అని అడిగింది.

"ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసి పంపాం. వాళ్లకేం సంబంధం?" అన్నాడు.

అక్క డబ్బు ఇవ్వలేదు. కాగితం తీసుకుని మన కేంద్రానికి వచ్చింది.

చట్టం ఏమంటుంది?

ఆ ఇల్లు తండ్రి సొంతంగా కొన్నది. ఆయన వీలునామా రాయకుండా చనిపోయాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అలాంటి ఇంట్లో భార్యకు, కొడుకుకు, కూతుళ్లకు సమాన భాగాలు ఉంటాయి. పెళ్లయినా కూతురు భాగం పోదు. తాత ముత్తాతల ఆస్తిలో కూడా కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉందని 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది. వేరే మతాలవారికి వేరే వారసత్వ నియమాలు ఉన్నాయి. వాటిని న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి.

ఈ ఇంటికి నాలుగు భాగాలు. కొడుకు అమ్మగలిగింది తన ఒక్క భాగమే. మిగతా ముగ్గురూ సంతకం పెట్టకపోతే రేపు కోర్టుకు వెళ్లేది మన అక్కే.

ఇంకో సంగతి. బజానా కాగితం రాసుకుంటే ఇల్లు మనది అయిపోదు. వంద రూపాయలు, ఆపైన విలువ ఉన్న ఇల్లు గాని, స్థలం గాని రిజిస్టరు దస్తావేజుతోనే చేతులు మారుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఈ మాట ఉంది. "జీపీఏ రాసిస్తాం, అదే చాలు" అని కొందరు అంటారు. అది చాలదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది.

ఈసీ తీయించండి

ఈసీ అంటే ఆ ఇంటిమీద రిజిస్టరు అయిన లావాదేవీల జాబితా. ఎవరు ఎవరికి అమ్మారు, ఎక్కడ తాకట్టు పెట్టారు అన్నది అందులో ఉంటుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో గాని, మీ సేవలో గాని అడగవచ్చు. ముప్పై ఏళ్లకు తీయించడం మంచిది.

మన అక్క ఈసీ తీయించింది. అది ఇంగ్లీషులో ఉంది. అక్కకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. మూడు వరుసలు లెక్కపెట్టింది. ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి "ఇదేంది? ఇదేంది?" అని అడిగింది. మూడో వరుస దగ్గర తెలిసింది. ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంది!

బోర్డు పెట్టని ఇంటికి ఈ జాగ్రత్త మరీ అవసరం. నలుగురూ చూసిన ఇల్లయితే దాని లోపం నలుగురి నోటా తెలుస్తుంది. ఎవరికీ తెలియని ఇంటి లోపం కూడా ఎవరికీ తెలియదు.

ఈసీలో అన్నీ ఉండవు. వారసులు ఎందరో ఉండదు. తెల్ల కాగితం మీద రాసుకున్న అప్పు ఉండదు. అవి వీధిలో అడిగి తెలుసుకోవాలి.

పాత దస్తావేజులు కూడా చూడండి. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు కాగితాల్లో గుంటూరు జిల్లా అని ఉంటుంది. ఇంకా పాతవాటిలో వినుకొండ తాలూకా అని ఉంటుంది. అది తప్పు కాదు. హద్దులు, కొలతలు సరిపోవాలి.

ప్రభుత్వం పట్టా ఇచ్చిన స్థలమా అని అడగండి. పేదలకు ఇచ్చిన భూముల అమ్మకంపై 1977 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది. దేవాలయం భూములు, వక్ఫు భూములు నిషేధ జాబితాలో ఉంటాయి. డబ్బు ఇచ్చే ముందే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోండి.

చివరికి ఏమైంది?

అక్క మాచర్ల బస్సెక్కింది. పెద్ద కూతురిని కలిసింది. ఇల్లు అమ్ముతున్న సంగతే ఆమెకు తెలియదు. "మా నాయన కట్టిన ఇల్లు. నాకొక మాటైనా చెప్పలేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ముసలమ్మకు ఫోను కలిపారు. "నాకు మెట్లెక్కే ఓపిక లేదు. ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేను. అమ్మండి. కానీ నా భాగం నా పేరునే వెయ్యండి" అంది ఆమె.

నాలుగు నెలలు పట్టింది. అక్క ఇచ్చే డబ్బులోంచి ముందు బ్యాంకు అప్పు కట్టారు. తాకట్టు విడుదల కాగితం రిజిస్టరు చేయించారు. తర్వాత తల్లి, కొడుకు, కూతుళ్లు నలుగురూ ఆఫీసుకు వచ్చి సంతకాలు పెట్టారు. ఎవరి భాగం వాళ్ల బ్యాంకు ఖాతాలో పడింది.

ఆ రోజు ముసలమ్మ తాళంచెవి అక్క చేతిలో పెట్టింది. "వాకిట్లో వేపచెట్టు నేను నాటిందే. కొట్టేయకు తల్లీ" అంది.

చెట్టు ఇప్పటికీ ఉంది.

లెక్క చేద్దాం

ఇది రాసేనాటికి మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకు స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు నూటికి సుమారు ఏడున్నర రూపాయలు. ఇల్లు ధర 8,00,000 రూపాయలు అనుకుందాం.

8,00,000 × 7.5 ÷ 100 = 60,000 రూపాయలు.

ప్రభుత్వం కట్టిన విలువ ఎక్కువ ఉంటే దానిమీద లెక్క వేస్తారు. ఈ డబ్బు ఇంటి ధరకు అదనం. ముందే పక్కన పెట్టుకోవాలి.

గుర్తుంచుకోండి

- చదవకుండా సంతకం పెట్టవద్దు. రానిచోట చదివించుకోండి.
- ఇంటి బజానా గాని, ధర గాని రూ.20,000, ఆపైన అయితే నగదుగా ఇవ్వవద్దు. బ్యాంకు ద్వారా ఇవ్వండి.
- "రేపే ఇవ్వాలి" అని తొందరపెడితే ఇంకా నెమ్మదిగా చూడండి.
- వారసులందరి సంతకాలు ఉండాలి.

కొత్త మాటలు

బజానా: బేరం కుదిరినప్పుడు ముందుగా ఇచ్చే డబ్బు.
వారసులు: చనిపోయినవారి ఆస్తిలో హక్కు ఉన్నవారు.
దస్తావేజు: ఆస్తి చేతులు మారినట్లు రాసి రిజిస్టరు చేసిన పత్రం.
హద్దులు: ఇంటికి నాలుగు వైపులా ఏమేమి ఉన్నాయో చెప్పే వివరం.

ప్రశ్నలు

1. అక్క ఏ మాట చదివి బజానా ఇవ్వడం ఆపింది?
2. ఈసీలో కనబడనివి రెండు చెప్పండి.
3. ఇల్లు ధర 6,00,000 రూపాయలైతే రిజిస్ట్రేషన్ ఖర్చు ఎంత?
4. మీ పుట్టింటి ఆస్తిలో మీకు భాగం ఉందా? ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడారా? కేంద్రంలో అందరూ కలిసి చర్చించండి.