ఏటిగట్టు, చిత్తడినేల – ఎటునుండి చుట్టిరావలెను?

ఉదయపు నడక మంచిదని వైద్యులందరును చెప్పుదురు. ఏ నేలపై నడవవలెనో చెప్పువారు తక్కువ. ఆయుర్వేదము దేశమును మూడు విధములుగా విభజించినది. నీరు, చెట్లు తక్కువై గాలి మెండుగా వీచునది జాంగలము. నీరు, బురద, దట్టమైన పచ్చదనము గలది ఆనూపము. ఈ రెండింటి లక్షణములును సమముగా గలది సాధారణము. జాంగలమున వాతపిత్తములు, ఆనూపమున కఫవాతములు ప్రబలును. ఏటిగట్టున బయలుదేరి, చిత్తడినేల అంచున సాగి, వేరొక దారిన ఊరు చేరు నడకలో ఒకే పూట రెండు విధముల నేలలు పాదములకు తగులును. అందువలన ఆ నడకను ఎటునుండి మొదలుపెట్టవలెనను ప్రశ్న వచ్చుచున్నది.

ఉదాహరణకు కొల్లేటి ప్రాంతమును తీసికొందము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు వచ్చి చేరును. మిగులు నీరు ఉప్పుటేటి గుండా సముద్రమునకు పోవును. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చిరి. శీతకాలమున వలసపక్షులు వచ్చును; కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులను చూచుటకు కుటుంబములతో పోవువారు చాలమంది. ఇట్టిచోట ఎత్తైన ఏటిగట్టు పొడిగా, నీడగా ఉండును. చిత్తడి అంచున నీడ తక్కువ. తెల్లవారుజామున పొగమంచు దట్టముగా నిలుచును.

పిత్త ప్రకృతి గలవారు, ఎండకు తలనొప్పి వచ్చువారు చిత్తడి అంచును చల్లని వేళలోనే ముగించి, ఎండ ఎక్కుచుండగా గట్టు మీది చెట్లనీడన తిరిగిరావలెను. ఉబ్బసము, పడిశము, కీళ్లనొప్పులు గలవారు దీనికి సరిగా ఎదురుదారి పట్టవలెను. వారు ముందు గట్టున నడచి, మంచు విడిన పిమ్మట చిత్తడిని చేరుట మేలు. ఎదురుగాలి, మంచు, ఎండ, దుమ్ము తగులకుండ మెలగవలెనని వాగ్భటుడు దినచర్యలోనే చెప్పియున్నాడు. దంపతులలో ఒకరిది పిత్తము, ఒకరిది ఉబ్బసము అయినచో ఉబ్బసము గలవారి దారినే ఇద్దరును పోవలెను. ఎండకు గొడుగున్నది, మంచునకు లేదు.

వ్యాయామము బలములో సగము మేరకే చేయవలెనని శాస్త్రము. నుదుట, చంకలయందు చెమట పట్టుట, నోరు ఎండుట, నోటితో ఊపిరి తీయవలసివచ్చుట సగము బలము ఖర్చయినదనుటకు గుర్తులు. తిన్నని బాటలో ఈ గుర్తులు కనిపించినచో ఆగి, కొంత సేదతీరి వెనుకకు మరలవచ్చును. చుట్టుదారిలో సగము దాటిన పిమ్మట మరలుట కంటె ముందుకు పోవుటయే దగ్గర. అందుచేత దూరపు మలుపు చేరునప్పటికి బలములో నాలుగవవంతు మాత్రమే ఖర్చుకావలెను. తెంపులేక 12 కిలోమీటర్లు నడవగలవానికి 6 కిలోమీటర్ల చుట్టు చాలును. అరువది దాటినవారు పొలములకు అడ్డముగా ఊరు చేర్చు పుంత ఎక్కడున్నదో ముందుగా తెలిసికొని మరి బయలుదేరవలెను. నడుమ గుండెలో నొప్పి గాని, బరువు గాని తోచినచో నడక అక్కడితో ఆపి ఆసుపత్రికి పోవలెను.

దారిలో గుంటగలగర, నీరుగొబ్బి, తుంగ విరివిగా కనిపించును. సరస్వతి ఆకునకును నీటి సాంబ్రాణికిని మన ఇండ్లలో పొరపాటు పడుట కలదు. నేలను పాకుచు, మూత్రపిండము ఆకారమున, అంచు నొక్కులతో ఉండునది సరస్వతి ఆకు. చిన్నవై, దళసరియై, కాడకు ఇరువైపుల జంటలుగా ఉండు ఆకులు గలది నీటి సాంబ్రాణి. మా గురువుగారు మొక్కను చేతికిచ్చి దాని పేరు అడుగుటకు ముందు, అది మొలిచిన నేల ఎట్టిదని అడుగువారు. ఆ ప్రశ్న నేడు మరింత అవసరము. పట్టణముల మురుగు, పొలముల పురుగుమందులు, చేపల చెరువుల నీరు కొల్లేటిలోనికి దిగుచున్నవి. నీటిమొక్కలు సీసము, కాడ్మియము వంటి లోహములను పీల్చి తమలో నిలుపుకొను స్వభావము గలవి. కడిగినను, కాచినను, ఎండబెట్టినను ఆ లోహములు పోవు. కావున ఇచ్చట మొక్కలను పిల్లలకు చూపుడు, గుర్తు పట్టనేర్పుడు, కోయకుడు. అభయారణ్యములో కోయుట చట్టమునకును విరుద్ధము. తెలివికని పిల్లలకు పెట్టదలచిన సరస్వతి ఆకును పెరటి కుండీలో మంచినీటితో పెంచుకొనుడు.

శరదృతువున పగలు సూర్యకిరణములచే కాగి, రాత్రి చంద్రకిరణములచే చల్లబడిన నీటిని హంసోదకమని పూర్వులు మెచ్చుకొనిరి. వారి కాలపు ఏరులలో మురుగు కాలువలు కలియలేదు. ఇంటినుండి కొంచెము శొంఠి, జీలకర్ర వేసి కాచి చల్లార్చిన నీరు పట్టుకొనిపోవుడు. ఆకలికి పేలాలు, బెల్లము చాలును.

చెడు బురద తగులుటవలన కాలివేళ్ల సందులు పాసి, దురద, మంట పుట్టు వ్యాధిని సుశ్రుతుడు అలసమనెను. ఇల్లు చేరినవెంటనే పాదములు కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో తడిలేకుండ తుడువవలెను. పాసినచో వేపాకు, పసుపు నూరి పూయవచ్చును. మధుమేహులు మాత్రము ఇంటివైద్యముతో కాలయాపన చేయక వైద్యునకు చూపవలెను. వారు బూట్లు లేక ఈ దారిని నడవరాదు. జలగ పట్టినచో లాగక, గోటితో పక్కకు నెట్టిన ఊడును. స్నానము చెమట ఆరిన పిమ్మటనే, గోరువెచ్చని నీటితో.

కాలిపై పుండు, పగులు ఉన్నవారు నిలువనీటిలో దిగరాదు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చును. నీటిలో దిగిన నాటినుండి నాలుగు వారములలోపల జ్వరము, పిక్కలలో తీవ్రమైన నొప్పి, కన్నులు ఎఱ్ఱబారుట కనిపించినచో కషాయములు కాచుకొనుచు కూర్చుండక, చిత్తడినేలకు పోయివచ్చిన సంగతి చెప్పి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకొనవలెను.