ఎలుక నాలుకతో కొలువు

ఎలుకకు వాంతి రాదు. వికటించినదాన్ని కక్కేసే వీల్లేదు కాబట్టి తినేముందే దానికి అనుమానం ఎక్కువ. కొత్త తిండిని కాస్త కొరికి ఆగుతుంది. ఒంట్లో తేడా చేస్తే ఆ రుచిని మళ్లీ ముట్టదు. పొలంలో ఎలుకమందు పెట్టే రైతులకిది తెలిసిందే. జింక్ ఫాస్ఫైడ్ కలిపే ముందు ఉత్త నూకలు, నూనె ఎర పెట్టి అలవాటు చేసేది అందుకే.

ఈ అనుమానాన్ని ప్రయోగంతో చూపినవాడు అమెరికా శాస్త్రవేత్త జాన్ గార్షియా. 1955లో ఆయన బృందం ఎలుకలకు శాకరిన్ కలిపిన తీపి నీళ్లు తాగించి, ఒంట్లో తేడా చేసే గామా కిరణాలు సోకనిచ్చింది. ఆ తర్వాత ఎలుకలు తీపి నీళ్లంటేనే వెనకాడాయి. రుచికీ జబ్బుకీ మధ్య గంటల ఎడమున్నా ఎలుక రెండిటినీ ముడిపెట్టుకుంటుందని తర్వాత తేలితే, తోటి శాస్త్రవేత్తలే చాలాకాలం నమ్మలేదు. కీమోథెరపీ రోగులకు కొన్ని వంటకాల మీద ఏవగింపు ఎందుకు పుడుతుందో అర్థమైంది ఈ దారిలోనే.

డిగ్రీలో జువాలజీ చదివి, ముందు ఏముందని దిగాలుపడేవాళ్లు ఎలుకల రుచిని కొలిచే ఈ పరిశోధన వైపు ఓసారి చూడొచ్చు. ఆకర్షణీయమైన పనేమీ కాదు. బోనుకు రెండు సీసాలు తగిలిస్తారు: ఒకదాన్లో మామూలు నీళ్లు, ఇంకోదాన్లో రుచి కలిపినవి. మర్నాడు తూచి రాసుకోవాలి. ఎలుక ఒకవైపుకే అలవాటు పడుతుంది కనుక సీసాల చోటు మార్చాలి. కారిన చుక్కా, పొట్టులో రాలిన మేతా లెక్కలోకొస్తాయి. పైగా ఎలుక తినేది రాత్రి. అందుకే చాలాచోట్ల గదిలో పగలూ రాత్రీ తారుమారు చేసి, మసక ఎర్రదీపం కింద పనిచేస్తారు.

ఎలుక సెకనుకు ఆరేడుసార్లు నాకుతుంది. అది లెక్కపెట్టే లికోమీటర్‌ను బాగుచేయగల ఎలక్ట్రానిక్స్ విద్యార్థికీ, ఆ డేటాను పైథాన్‌లో విడదీయగలిగినవారికీ ఇక్కడ చోటుంది. ఫార్మా రంగానికీ ఈ పరీక్ష పనికొస్తుంది. దప్పికగొన్న ఎలుకకు మందు ద్రావణం కొన్ని సెకన్లు అందిస్తారు. చేదు పెరిగేకొద్దీ నాకడం తగ్గుతుంది. పిల్లల సిరప్‌లో చేదు ఎంతవరకు దాగిందో అలా అంచనా వేస్తారు.

తెలుగువాళ్లకు దగ్గరి చిరునామా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. అతిగా తిని ఊబకాయం తెచ్చుకునే ఎలుకల జాతిని ఇక్కడే అభివృద్ధి చేశారు. పరిశోధన వైపు వెళ్లాలంటే లైఫ్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ, ఆపైన సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ మామూలు దారి. బీవీఎస్సీ వాళ్లు ప్రయోగశాల జంతువుల వైద్యాన్ని ఎంచుకోవచ్చు. నన్నడిగితే పోటీ తక్కువున్న దారి అదే.

ఒకటి దాచకూడదు. ప్రయోగం అయ్యాక చాలా ఎలుకలను చంపాల్సివస్తుంది, మెదడు తీసి చూడాల్సివస్తుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ప్రయోగమే మొదలవదు. బాధ తగ్గించడం నిబంధన. అయినా ఆ పని చేసే చెయ్యి మీదే. మీ వల్ల అవుతుందో లేదో పీహెచ్‌డీలో చేరాక కాక, ముందే ఇంటర్న్‌షిప్‌లో తేల్చుకోండి. ఎలుకల మూత్రం వల్ల కొందరికి తుమ్ములు, ఆయాసం వస్తాయి. అదీ అక్కడే బయటపడుతుంది. సంక్రాంతి రోజున సీసాలు తూచే వంతు ఎవరిదో కూడా అప్పుడే అడగండి.