జొన్నరొట్టె

బళ్ళారి, రాయచూరు వైపు తెలుగువారు దీనిని జొన్నరొట్టె అంటారు. పక్కింటి కన్నడం వారు జోళద రొట్టి అంటారు. ఏనాడో తెలంగాణ నుంచి వెళ్ళి షోలాపురంలో స్థిరపడిన నేతగాళ్ళ ఇళ్ళలో భాకరి అన్న మాట కూడా వినిపిస్తుంది. వానలు వెనకబట్టిన తరువాత నల్లరేగడిలో విత్తనం వేస్తే, నేలలో మిగిలిన తేమతోనే పండే పంట యాసంగి జొన్న. ఆ ప్రాంతంలో మాల్దండి అనే తెల్లజొన్న రొట్టెలకు పేరుపొందింది.

చపాతీని పీట మీద కర్రతో ఒత్తుతారు. జొన్నరొట్టెను మాత్రం అరచేతితో తట్టుతారు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. గుప్పెడు గోధుమపిండిని నీళ్ళతో గట్టిగా తడిపి, అరగంట నాననిచ్చి, ఆ ముద్దను గిన్నెడు నీళ్ళలో పిసుకుతూ కడగండి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి. అది పిండిపదార్థం. నీళ్ళు మార్చి మార్చి కడిగితే చివరకు చేతిలో బంకలాంటి ముద్ద మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరకు వస్తుంది. దాని పేరు గ్లూటెన్. అది గోధుమలోని మాంసకృత్తులు నీటితో కలిసినప్పుడు ఏర్పడే వల. చపాతీ పలుచగా సాగడానికీ, బ్రెడ్డు పొంగడానికీ అదే కారణం.

ఇప్పుడు జొన్నపిండితో అదే పని చేయండి. ముద్ద మొత్తం నీళ్ళలో కరిగిపోతుంది. చేతిలో ఏమీ మిగలదు. జొన్నలోనూ మాంసకృత్తులు ఉన్నాయి, కాని అవి అలా వల అల్లుకోవు. అందుకే చన్నీళ్ళతో తడిపిన జొన్నపిండిని కర్రతో ఒత్తితే అంచులు పగులుతాయి, ఎత్తబోతే ముక్కలవుతుంది.

వంటకు ఇది ఇబ్బందే. అయితే కొందరి ప్రాణానికి ఇదే రక్ష. సీలియాక్ అనే జబ్బు ఉన్నవారికి గ్లూటెన్ పడదు. మన చిన్నపేగు లోపలి గోడ మీద వేలికొనల్లాంటి చూషకాలు ఉంటాయని విజ్ఞానశాస్త్రంలో చదువుకుని ఉంటారు. తిన్న ఆహారంలోని సారాన్ని పీల్చుకునేవి అవే. ఈ జబ్బు ఉన్నవారు గోధుమ తింటే వారి శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరబడి ఆ చూషకాలనే దెబ్బతీస్తుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. పిల్లలైతే ఎదుగుదల ఆగుతుంది, రక్తం తగ్గుతుంది, కొందరికి తరచు విరేచనాలవుతాయి. ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. మనదేశంలో గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాది రాష్ట్రాలలో ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ.

దీనికి కారణం గోధుమ అని తేల్చినది నెదర్లాండ్స్ దేశపు పిల్లల వైద్యుడు విలెం డికె. ఆయనకు 1930ల నుంచే గోధుమ మీద అనుమానం ఉండేది. రెండవ ప్రపంచయుద్ధం చివర 1944-45 శీతాకాలంలో ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు. చుట్టూ జనం ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బు ఉన్న పిల్లలు మాత్రం కోలుకున్నారు! కరువు తీరి రొట్టె తిరిగి రాగానే వారికి జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన తన పరిశోధన గ్రంథాన్ని వెలువరించాడు. నేటికీ దీనికి వైద్యం ఒక్కటే. గోధుమ, బార్లీ, రై ధాన్యాలను జన్మంతా మానివేయాలి. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న నిశ్చింతగా తినవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ మధ్య జబ్బు లేనివారు కూడా సరదాకి గోధుమ మానుతున్నారు. దానివల్ల ప్రత్యేకంగా వచ్చే లాభం ఏమీ లేదు. జబ్బు ఉందని అనుమానం కలిగితే ముందు వైద్యుని దగ్గర రక్తపరీక్ష చేయించుకోవాలి. ముందే గోధుమ మానేసి తరువాత పరీక్షకు వెళ్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు.

ఇక రొట్టె సంగతి. గోధుమలోని బంక జొన్నలో లేదు కనుక ఆ పనిని వేడినీళ్ళతో చేయించాలి. పిండిపదార్థానికి నీరు, వేడి తగిలితే, దాదాపు 70 డిగ్రీల దగ్గర అది ఉబ్బి జిగురవుతుంది. గంజి చిక్కబడేది ఇందువల్లనే. అందుకే రొట్టెకు ఎసరు పెడతారు. కన్నడంలోనూ దానిని ఎసరు అనే అంటారు.

రెండు గ్లాసుల పిండికి సుమారు గ్లాసున్నర నీళ్ళు మరగనివ్వండి. చిటికెడు ఉప్పు వేస్తే వేయవచ్చు. పిండి కొత్తదైతే నీళ్ళు కాస్త తక్కువ పడతాయి, కనుక అంతా ఒక్కసారే పోయకూడదు. పళ్ళెంలో పిండి పోసి, మధ్యలో గుంట చేసి, మరిగే నీళ్ళు పోసి గరిటె కాడతో కలపాలి. చేయి పెట్టకండి, కాలుతుంది. పది నిమిషాలు మూత వేసి ఉంచితే వేడి పిండికంతా పడుతుంది. తరువాత ఒక రొట్టెకు సరిపడా ముద్ద తీసుకొని అరచేతి మడమతో బాగా మర్దించాలి. పొడిగా అనిపిస్తే చేయి తడి చేసుకోవాలి. ఈ మర్దనలో తొందర పనికిరాదు. పగిలిన రొట్టెల్లో సగం ఇక్కడ బద్ధకించినవే. మిగతా సగం పాత పిండివి. విసిరి నెల దాటిన జొన్నపిండి చేదెక్కుతుంది, రొట్టె విరుగుతుంది. వారానికి సరిపడా ఆడించుకోవడమే మంచిది.

ముద్దను గుండ్రంగా చేసి, కింద పొడిపిండి చల్లి, ఒక చేతి వేళ్ళతో అంచును కాస్తూ, మరొక చేతితో తట్టాలి. తట్టేకొద్దీ రొట్టె తనంతట తానే తిరుగుతుంది. చేయి తిరిగిన అవ్వలు తడుతుంటే మద్దెల మోగినట్టు ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు తడిగుడ్డ మీద తట్టితే సులువు. నూనె రాసిన రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ముద్దను పెట్టి, పైన పళ్ళెంతో నొక్కినా తప్పులేదు.

పెనం బాగా కాలిన తరువాత పొడిపిండి ఉన్న వైపు పైకి వచ్చేలా రొట్టె వేసి, వెంటనే పైన నీళ్ళతో తడి చేయాలి. లేకుంటే ఆ పొడిపిండి మాడి, రొట్టె బీటలు వారుతుంది. తడి ఆరుతుండగా తిరగేయాలి. రెండువైపులా కాలిన తరువాత గుడ్డతో మెల్లగా అదిమితే రొట్టె పొంగుతుంది. పైపొర, కిందిపొర గట్టిపడ్డాక లోపలి తేమ ఆవిరై వాటిని విడదీస్తుంది. పొంగని రొట్టె కూడా తినదగినదే. పెనం పని మాత్రం పెద్దవారు దగ్గర ఉన్నప్పుడే చేయండి.

పలుచగా తట్టి ఎండబెట్టిన కడక్ రొట్టి వారాల తరబడి నిలువ ఉంటుంది. ప్రయాణానికి అది ఎంతో అనువు.

మనకు చాలా దూరాన ఉన్న మెక్సికోలోనూ ఇలాంటి రొట్టె ఉంది. దాని పేరు తోర్తియా. అసలైన తోర్తియా మొక్కజొన్నది. మొక్కజొన్నలోనూ గ్లూటెన్ లేదు. వారు గింజలను సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బుతారు. సున్నానికి గింజల పైపొట్టు ఊడి, పిండి జిగురెక్కుతుంది. అంతకంటే పెద్ద మేలు మరొకటి ఉంది. మొక్కజొన్నలో బిగుసుకుని ఉన్న నియాసిన్ అనే విటమిను దీనివల్ల విడుదలవుతుంది. ఐరోపావారు మొక్కజొన్నను తీసుకుపోయారు గాని సున్నం సంగతి పట్టించుకోలేదు. దానినే నమ్ముకున్న పేదలకు పెల్లాగ్రా అనే వ్యాధి వచ్చింది.

ఈ జబ్బు మనవైపూ కనిపించింది. జొన్న తప్ప మరేమీ తినలేని పేదలలో పెల్లాగ్రా ఉండటాన్ని హైదరాబాదులో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా పరిశీలించి 1960లో వెల్లడించారు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. ఒక్క జొన్నతోనే కడుపు నింపుకోవలసి రావడమే అసలు బాధ. పప్పు, ఆకుకూర, వేరుసెనగ తోడైతే ఆ భయం లేదు. వేరుసెనగలో నియాసిన్ సమృద్ధిగా ఉంటుంది. షోలాపురంలో భాకరి పక్కన శేంగా చట్నీ, రాయలసీమలో రొట్టె పక్కన చెనిక్కాయల పొడి ఊరికే రాలేదేమో!

సీలియాక్ ఉన్న పిల్లల ఇంట్లో ఇంకా కొన్ని జాగ్రత్తలు కావాలి. గిర్నీలో అంతకు ముందు గోధుమలు ఆడి ఉంటే, ఆ పిండి రాళ్ళకు అంటుకొని జొన్నపిండిలో కలుస్తుంది. కొద్దిపాటి పిండి అయినా వారికి హాని చేస్తుంది. వేరే గిర్నీ దొరకకపోతే ఇంట్లోనే విసురుకోవాలి. తట్టేటప్పుడు గోధుమపిండి చల్లకూడదు. చపాతీలు కాల్చిన పెనాన్ని బాగా తోమాలి. అంగడిలో కొనే ఇంగువలోనూ చాలాసార్లు గోధుమపిండి కలుపుతారు, డబ్బా మీద చదివి చూసుకోవాలి. ఉప్మా రవ్వ, సేమియా, మైదా సంగతి సరేసరి.

మీ తరగతిలో అటువంటి తోటివారు ఉండవచ్చు. పుట్టినరోజు కేకు వద్దంటే అది పొగరని అనుకోకండి. పెళ్ళిపందిరిలో అందరూ పూరీలు తింటుంటే వారు డబ్బాలోని రొట్టె విప్పుకుంటారు. “ఒక్క ముక్క తింటే ఏమవుతుందమ్మా?” అని బంధువులు ప్రేమతోనే బలవంతం చేస్తారు. ఆ ఒక్క ముక్కతో పేగు మళ్ళీ దెబ్బతింటుంది. అప్పుడు పక్కన కూర్చున్నవారు ఆ మాట బంధువులకు చెప్పగలిగితే చాలు, ఆ పిల్లలు అందరిలో సంజాయిషీ చెప్పుకునే పని తప్పుతుంది.

అభ్యాసం

1. జొన్నపిండిని మరిగే నీళ్ళతో ఎందుకు కలపాలి?
2. కరువులో కొందరు పిల్లలు కోలుకోవడం చూసి డికె ఏమి గ్రహించాడు?
3. గిర్నీలో ఆడించిన జొన్నపిండి కొందరికి ఎందుకు హాని చేస్తుంది?
4. రొట్టె తయారీకి సంబంధించి మీ ఇంట్లో, మీ ఊరి భాషలో వాడే మాటలను పెద్దలను అడిగి రాయండి. వాటిలో రెండు భాషలకూ చెందినవి ఏవి?