మధ్యాహ్నం వాలిన ఆకు

రాయదుర్గం,
ఏప్రిల్ 24.

చిరంజీవి అబ్బికి,

  

నువ్వు ఫోన్లో పంపిన ఫోటోలు చూశాను. 20 అంజూర మొక్కల్లో ఆరింటికి ఆకులు వాలిపోయాయనీ, రేపటి నుంచి పొద్దునా సాయంత్రం నీళ్ళు పెడతాననీ అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఆ ఫోటోలు ఎన్ని గంటలకు తీశావు? మొక్క నీడ మొదట్లోనే ముడుచుకుని ఉంది కాబట్టి మిట్టమధ్యాహ్నమే అయి ఉండాలి. 42 డిగ్రీల ఎండలో అంజూర ఆకు వాలకపోతేనే ఆశ్చర్యపోవాలి. అంత వెడల్పాటి ఆకు నుంచి ఆవిరయ్యే నీటిని లేత వేరు అంత తొందరగా తోడివ్వలేదు. అందుకని ఆకు కిందికి దిగి, ఎండ తగిలే మేర తగ్గించుకుంటుంది. ఈ కాగితం అందిన మరునాడు తెల్లవారి ఆరుగంటలకు పోయి చూడు. ఆకు విప్పారి ఉంటే మొక్కకు దాహం లేదు, దాని జోలికి పోవద్దు. అప్పుడు కూడా వాలే ఉంటే, మొదలుకు జానెడు దూరంలో జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట పట్టి చూడు. పొడిపొడిగా రాలిపోతే నీళ్ళు పెట్టు. మట్టి తడిగా ఉండీ ఆకు వాలిందంటే, నీళ్ళెక్కువై వేరుకు ఊపిరాడడం లేదని. రెండింటికీ పైకి కనబడే గుర్తు ఒకటే. అందుకే ఎంతోమంది చచ్చే మొక్కకు ఇంకో బిందె పోసి చంపుకుంటారు.

నేనూ చంపుకున్నాను. మీ పెదనాయన పోయిన మరుసటి ఏడు బావి పక్క చేలో 12 మొక్కలు పెట్టాను. ఇంట్లో కూచోలేక రోజుకు రెండుసార్లు పోయి మొక్కకొక బిందె పోసి వచ్చేదాన్ని. రోహిణి కార్తె రాకముందే నాలుగు పోయాయి. పీకి చూస్తే వేర్లు నల్లబడి మురుగు వాసన కొట్టాయి. తర్వాత ఎండలు ముదిరాక ఇంకో మూడు మొక్కలు ఆకంతా రాల్చి కట్టెల్లాగా నిలబడ్డాయి. అవీ పోయాయనుకుని ఒకదాన్ని పెరికేశాను. వేరు తెల్లగా ఉంది, తెగిన చోట పాలు కారుతున్నాయి. బతికున్న దాన్ని పెరికానని గట్టు మీద కూచుని ఏడ్చాను. మిగతా రెండింటినీ మీ జేజి ముట్టనివ్వలేదు. మృగశిరలో ఒక వాన పడిన వారానికి రెండూ కణుపు కణుపుకూ చిగురేశాయి. ఇప్పుడు నువ్వు వచ్చినప్పుడల్లా నీడన మంచమేసుకునే చెట్టు వాటిలో ఒకటి.

ఆకు రాలిందని ఏ మొక్కనూ పెరకవద్దు. గోటితో బెరడు కొంచెం గీకు. కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. పై కొమ్మ ఎండినా మొదట్లో పచ్చదనం ఉంటే అక్కడి నుంచి మళ్ళీ లేస్తుంది.

నీళ్ళ సంగతికి వస్తాను. మీది కూడా మాలాంటి ఎర్ర గరుసు నేలే. ఈ మొదటి ఎండాకాలం మొక్కకు వారానికి రెండుసార్లు, ఒక్కో తడికి 20 లీటర్లు చాలు. గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పరు మొక్కకు రెండు పెట్టుకుంటే రెండున్నర గంటలు వదలాలి. రోజూ పావుగంట వదిలితే పైనున్న నాలుగు వేళ్ళ మట్టి మాత్రం తడుస్తుంది, వేరు ఆ తడి కోసం పైపైనే పాకుతుంది. మే నెల ఎండకు మొదట కాలేది ఆ పై మట్టే. లోతుగా తడిపి ఆరనిస్తే వేరు తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. వచ్చే ఏటికి డ్రిప్పర్లను మొదలు నుంచి రెండడుగులు జరుపు, వేరు పక్కలకు కూడా పోవాలి.

మొక్క మొదట్లో చెనక్కాయ పొట్టు నాలుగంగుళాల మందం పరుచు. కాండానికి ఆనించవద్దు, జానెడు వదిలేయి. ఆనిస్తే చెదలు నేరుగా బెరడెక్కుతాయి. కాండానికి కొమ్మలు చీలే దాకా సున్నం పూయి. పడమటి ఎండకు లేత బెరడు కాలి పగులుతుంది, ఆ పగుళ్ళలోనే కాండం తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది. మొదట్లో రంపపు పొట్టులాంటిది రాలి కనబడితే బొక్క వెతికి, తీగ పెట్టి పురుగును లాగి, మట్టితో మెత్తెయ్యి. ఈ రెండు నెలలూ పడమటి వైపు కంది కట్టె దడి కడితే ఇంకా మంచిది. జూన్ నుంచి మన సీమలో కొట్టే పడమటి గాలి నీకు తెలిసిందే, ఆలోగా ప్రతి మొక్కకూ ఊతకర్ర ఉండాలి.

వరసల మధ్య టమోటా వేస్తానన్నావు. వద్దు నాయనా. వేళ్ళకు బుడిపెలు కట్టించే నులిపురుగు టమోటాకూ వంకాయకూ ఎంత ఇష్టమో అంజూరకూ అంతే ఇష్టం. ఒకసారి నేలలో చేరితే వదిలించుకోవడం గగనం. బంతి వెయ్యి, ఆ పురుగు తగ్గుతుంది, దసరాకు పూలూ అమ్ముకోవచ్చు. యూరియా జోలికి కూడా పోవద్దు. కొమ్మ మెత్తగా ఏపుగా పెరిగి ఎండకు ముందు అదే వాడుతుంది. వానలు పట్టాక రెండు గంపల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేప పిండి చాలు.

కందిరీగ లేకపోతే కాయ నిలవదట కదా అని మీ అమ్మ అడిగింది. ఆ మాటలో నిజం ఉంది, కానీ అది స్మిర్నా రకాల సంగతి. మన మేడిపండుకు అంజూర చుట్టమే, అందుకే సీమమేడి అన్నారు. పూలన్నీ కాయ లోపలే పూస్తాయి. స్మిర్నా రకానికి పుప్పొడిని ఆ లోపలికి మోసుకెళ్ళే చిన్న కందిరీగ ఉండాలి. కాలిఫోర్నియాలో 1880ల్లో ఆ మొక్కలు నాటితే చెట్లు బాగా పెరిగాయి గానీ కాయలు నిలవలేదు. 1899లో ఆ కందిరీగను తెచ్చి స్థిరపరిచాకే పంట దక్కింది. నువ్వు పెట్టినవి పూనా అంజూర మొక్కలు, పురందర్ తోటల్లో పండే రకం. వీటికి కందిరీగ అక్కర్లేదు, కాయ తనంతట తనే కడుతుంది.

కడుతుంది కాబట్టే ఇది చెప్పడం. వానలు పడ్డాక ఆకుల మొదళ్ళలో గోళీల్లాంటి పిందెలు కనబడతాయి. ఈ ఏడు అన్నీ గిల్లేయి. నీకు మనసొప్పదని తెలుసు, నాకూ ఒప్పలేదు. అయినా ఇంత చిన్న మొక్క కాయను మోస్తే వేరుకు పోవలసిన బలం కాయకు పోతుంది. చలికాలం ఆకు రాలాక మొక్కను రెండున్నర అడుగుల ఎత్తులో కత్తిరించి, తర్వాత వచ్చే కొమ్మల్లో చుట్టూ పరుచుకునేవి మూడో నాలుగో ఉంచుకో. అంజూర కొత్త కొమ్మకే బాగా కాస్తుంది. గిల్లేటప్పుడు, కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకో. ఆ పాలు పడిన చోట ఎండ తగిలితే బొబ్బలెక్కుతాయి, నా ముంజేతి మీద మచ్చ నువ్వు చూసిందే.

ఆ ఆరింటిలో ఏవైనా పోతే దిగులు పడి నర్సరీకి పరిగెత్తవద్దు. సంక్రాంతి తర్వాత ఇక్కడికి రా. ఏడాది వయసు కొమ్మలు జానెడు ముక్కలు, మూడు నాలుగు కణుపులుండేవి, మీ జేజి కాపాడిన చెట్టు నుంచే కోసిస్తాను. సంచుల్లో వేరు పట్టించి తొలకరికి నాటుదువు.

ముందైతే, ఆ పొద్దున ఆరుగంటలకు తీసిన ఫోటోలు పంపు. అవి చూసే దాకా బోరు ఆన్ చెయ్యవద్దు.

మీ పెద్దమ్మ