తొట్టిలో బతికిన ట్రౌట్ పిల్ల ఏట్లో బతుకుతుందా?

హిమాలయ నదుల్లో నేడు కనిపించే ట్రౌట్ చేపలు అక్కడ పుట్టినవి కావు. బ్రౌన్ ట్రౌట్ ఐరోపా చేప, రెయిన్‌బో ట్రౌట్ ఉత్తర అమెరికా పసిఫిక్ తీరపు చేప. గాలం వేటపై మోజున్న బ్రిటిష్ వారు 1899లో కశ్మీర్‌కు ట్రౌట్ గుడ్లు తెప్పిస్తే, అవి దారిలోనే చనిపోయాయి. 1900లో వచ్చిన రెండో విడత బతికింది. ఆ తర్వాత కశ్మీర్ నుంచి కులూ లోయకు ట్రౌట్ చేరి, 1909లో మహిలీ వద్ద హ్యాచరీ వెలిసింది. అప్పటి నుంచి హ్యాచరీల్లో పిల్లల్ని పెంచి ఏళ్లలోకి వదలడం సాగుతూనే ఉంది.

మన కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి గుడ్లు 27, 28 డిగ్రీల నీటిలో ఒక్క రోజులోపే పిల్లలవుతాయి. ట్రౌట్ గుడ్డుకు అంత తొందర లేదు. 10 డిగ్రీల నీటిలో రెయిన్‌బో ట్రౌట్ గుడ్డు పొదగడానికి సుమారు నెల రోజులు పడుతుంది, బ్రౌన్ ట్రౌట్‌కు ఇంకా ఎక్కువ. చల్లని నీరే ఎందుకంటే, అందులో ప్రాణవాయువు ఎక్కువగా కరుగుతుంది. సముద్ర మట్టం వద్ద 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 25 డిగ్రీల్లో 8కి కాస్త పైన మాత్రమే ఉంటుంది.

గుడ్లు తీసే పని చలికాలంలో జరుగుతుంది. పక్వానికి వచ్చిన ఆడచేప పొట్టను సున్నితంగా నిమిరితే బఠాణీ గింజ కంటే కాస్త చిన్నగా, నారింజ రంగులో గుడ్లు గిన్నెలోకి జారుతాయి. మగచేప వీర్యాన్ని వాటిపై పిండి కలుపుతారు. ఈ దశలో గిన్నెలో నీళ్లు ఉండకూడదు. నీటిలో పడిన వీర్యకణం నిమిషంలోపే చురుకుదనం కోల్పోతుంది. అందుకే ముందు కలిపి, తర్వాత నీళ్లు పోస్తారు. నీరు పీల్చుకున్న గుడ్డు ఉబ్బి గట్టిపడుతుంది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఓపిక పరీక్షే. ట్రేల మీదుగా చల్లని నీరు నిదానంగా పారుతుండాలి, చీకటిగా ఉండాలి, గుడ్లను కదపకూడదు. చిన్న కుదుపుకే లోపలి పిండం చచ్చిపోతుంది. చనిపోయిన గుడ్డు తెల్లబడుతుంది. దాన్ని తీసేయకపోతే బూజు పట్టి పక్క గుడ్లకు పాకుతుంది. గుడ్డు పెంకులోంచి రెండు నల్లని చుక్కలు కనిపించాయంటే అవి పిల్ల కళ్లు. ఆ దశ చేరాక గుడ్లను తడి గుడ్డలో చుట్టి దూరాలకు పంపవచ్చు.

పొదిగిన పిల్లకు పొట్ట కింద సొన సంచి ఉంటుంది. అది కరిగేదాకా మేత అక్కర్లేదు. కరిగిపోతుండగా పిల్ల పైకి ఈది నోరు తెరవడం మొదలుపెడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లో మెత్తటి పొడి మేత అలవాటు చేయకపోతే చాలా పిల్లలు నిలవవు.

ఇంత జాగ్రత్త వల్ల, ఏటి గులకరాళ్ల మధ్య రాలిపోయే గుడ్లలో అధిక భాగం హ్యాచరీలో బతుకుతాయి. హ్యాచరీ గొప్పతనం అదే. చిక్కు కూడా అక్కడే ఉంది. ఏట్లో బలహీనమైన పిల్లను వరద, ఆకలి, పక్షి ఏరివేస్తాయి. తొట్టిలో ఆ ఏరివేత ఉండదు. పైనుంచి నీడ పడితే తొట్టి పిల్ల మేత వచ్చిందనుకుని పైకి వస్తుంది. ఏట్లో ఆ నీడ చేపలు తినే పక్షిది కావచ్చు.

ఇది అలవాట్ల సంగతి మాత్రమే కాదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు హుడ్ నదిలో, సముద్రానికి వెళ్లి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌట్ జాతి చేపల వంశవృక్షాన్ని డీఎన్ఏ ద్వారా శాస్త్రవేత్తలు పరిశీలించారు. హ్యాచరీలో గడిచిన ఒక్కో తరానికి, నదిలో సంతానాన్ని కనే సామర్థ్యం సుమారు 40 శాతం పడిపోతున్నట్టు 2007లో తేల్చారు. మోంటానా రాష్ట్రం అంతకు ముందే, 1974లో, ట్రౌట్ సొంతంగా నిలదొక్కుకున్న నదుల్లోకి హ్యాచరీ చేపలను వదలడం ఆపేసింది. మాడిసన్ నదిలో చేపలు వదలడం ఆపాక అడవి ట్రౌట్ సంఖ్య పెరగడమే అందుకు కారణం.

హిమాలయాల్లో లెక్క ఇంకా జటిలం. అక్కడ కాపాడవలసిన సొంత చేప అసేలా. దీన్ని స్నో ట్రౌట్ అంటారు గానీ ఇది ట్రౌట్ కాదు, బొచ్చె, శీలావతుల కుటుంబానికి చెందినది. బ్రౌన్ ట్రౌట్ ఎదిగాక చిన్న చేపల్ని తింటుంది, చోటు కోసమూ పోటీ పడుతుంది. ప్రపంచంలో అతి హానికర చొరబాటు జీవుల వంద పేర్ల జాబితాలో బ్రౌన్, రెయిన్‌బో రెండూ ఉన్నాయి. అయితే ట్రౌట్ వేట, పెంపకం కొండ పల్లెలకు ఆదాయమిస్తాయి కాబట్టి పూర్తిగా వద్దనడమూ తేలిక కాదు. ఒక మధ్యేమార్గం ఉంది. ఫలదీకరణం జరిగిన కొద్దిసేపటికి గుడ్లకు వేడి నీటితో గానీ ఒత్తిడితో గానీ షాక్ ఇస్తే, పిల్లలో క్రోమోజోములు రెండు జతలకు బదులు మూడు వరుసలుగా మిగులుతాయి. అలాంటి చేప పెరుగుతుంది గానీ సంతతిని కనలేదు. అయినా అది బతికున్నంత కాలం అసేలా పిల్లల్ని తింటూనే ఉంటుంది. కాబట్టి ఆ చేప మిగిలి ఉన్న వాగుల్లోకి దీన్నీ వదలకపోవడమే మంచిది.

వదిలే రోజు పని సులువుగానే కనిపిస్తుంది. పిల్లల సంచులను కాసేపు ఏటి నీటిలో తేలనిచ్చి వేడిమి సమం చేస్తారు. ఒకేచోట కుమ్మరించకుండా గట్టు వెంట లోతు తక్కువ చోట్ల చెదరగొడతారు. కానీ ఎన్ని పిల్లల్ని వదిలారన్న అంకె దగ్గరే లెక్క ఆగితే ఏమీ తెలియదు. అమెరికాలో చాలా హ్యాచరీలు వదిలే ముందు తోక దగ్గరి చిన్న కొవ్వు రెక్కను కత్తిరిస్తాయి. తర్వాతి ఏళ్లలో పట్టిన చేపల్లో ఆ రెక్క లేనివి ఎన్ని, ఉన్నవి ఎన్ని అని లెక్కపెడితే, ఏటిని నింపుతున్నది హ్యాచరీనా, ఏరేనా అన్నది బయటపడుతుంది.