సర్పి పొక్కులు: లేపానికి ముందు పరీక్ష

ఒంటికి ఒక పక్కన మంటతో గుత్తులుగా పొక్కులు లేస్తే మన ఇళ్లలో ‘సర్పి’ అంటారు. దర్శన, స్పర్శన, ప్రశ్నలతో రోగిని పరీక్షించడం గురుకులంలో నేను నేర్చిన విద్య. అయినను సర్పి వైరస్, పెదవులపై వచ్చే హెర్పిస్ వైరస్ లేపే పొక్కులు ఒక్కొక్కప్పుడు కంటికి ఒకే తీరున కనబడతాయి. అటువంటప్పుడు ప్రయోగశాల సాయం కోరడానికి నాకు సంకోచం లేదు.

తాజా పొక్కును తెరచి, దాని అడుగునుండి కణాలను గీకి గాజుపలకపై పూస్తారు. ఎసిటోన్‌తో స్థిరపరచి, మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీలను వేస్తారు. అవి తమకు చెందిన వైరస్‌నే అంటిపెట్టుకొంటాయి. తక్కినవి కడిగితే పోతాయి. ప్రత్యేక సూక్ష్మదర్శినిలో ఆ కణాలు ఆకుపచ్చగా వెలుగుతాయి. కొద్ది గంటలలో ఏ వైరసో తేలుతుంది. యాంటీబాడీకి రంగు తగిలించే ఈ ఉపాయాన్ని హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్, ఆయన సహచరులు 1941లో ప్రకటించారు.

అయితే వేపాకు నూరి పట్టించి, పొక్కులు పక్కు కట్టిన తరువాత వస్తే ఈ పరీక్షకు కణాలు చాలవు. అప్పుడు ఇంతకంటె సున్నితమైన పీసీఆర్ పరీక్షే శరణ్యం. నేడు చాలాచోట్ల మొదటినుండీ దానినే చేస్తున్నారు.

కంటి చుట్టూ గాని, ముక్కు కొనపై గాని సర్పి లేస్తే ఫలితం కోసమైనా ఆగక ఆనాడే కంటి వైద్యుని చూడవలెను. వైరస్‌ను అణచే మందు 72 గంటలలోపు మొదలుపెట్టడం మేలు.