వయసు సంగతి కంప్యూటర్‌కి మీరే చెప్పాలి

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. రుషికొండ దగ్గర అప్పుడప్పుడు స్కూబా డైవింగ్ చేస్తుంటాను. జనవరిలో మా అబ్బాయితో అండమాన్ వెళ్తున్నాను. నా పాత డైవ్ కంప్యూటర్‌లో అంకెలు నీళ్లలో ఆనడం లేదండి. కొత్తది ఎలాంటిది కొనమంటారు?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కొనే ముందు ఒకటి ప్రయత్నించండి. మాస్క్ అద్దాల కింది భాగంలో దగ్గరి చూపు లెన్సులు అతికించుకోవచ్చు. దాంతో పాత కంప్యూటరే సరిపోతుందేమో చూడండి.

అయినా ఆనకపోతే, కొత్తదాంట్లో ముందు చూడాల్సింది తెరే. లోతు, గడిచిన సమయం, డీకంప్రెషన్ అవసరం రాకుండా ఇంకా ఎంతసేపు ఉండొచ్చన్నది, ఈ మూడూ ఒక్క చూపులో తెలియాలి. షాపు లైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి కాబట్టి, వీలైతే అద్దెకు తీసుకుని ఒక డైవ్ చేశాకే డబ్బు కట్టండి. షియర్‌వాటర్ పెరిగ్రిన్‌కి 2.2 అంగుళాల రంగుల తెర ఉంది. క్రెస్సీ లియోనార్డో ధర తక్కువ, అంకెలు పెద్దవి, బటన్ ఒక్కటే. వేళ్ల కీళ్లు పట్టేస్తుంటే బటన్లు నొక్కి చూడటం మరిచిపోకండి. చేతి గడియారంలా ఉండే చిన్న మోడళ్లు ముచ్చటగానే ఉంటాయి గానీ, మీ కళ్లకు నేను వాటిని చెప్పను.

ప్రశ్న: ఒకే లోతులో పక్కపక్కనే ఉన్నా మా అబ్బాయి కంప్యూటర్ 12 నిమిషాలు ఉండొచ్చంటుంది, నాది 8 అంటుంది. నాది పాడైందా?
- హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పాడవలేదమ్మా. అంతకుముందు చేసిన డైవ్‌లు, లెక్క కట్టే పద్ధతి, సెట్టింగులు వేరైతే ఇలాగే తేడా వస్తుంది. ఇద్దరూ తక్కువ చూపిస్తున్నదాని ప్రకారమే పైకి రండి. ఒకే కంప్యూటర్‌ని ఇద్దరూ నమ్ముకోవద్దు.

అసలు విషయం ఇంకొకటుంది. లోతునీ సమయాన్నీ బట్టి ఒంట్లో ఎంత నైట్రోజన్ చేరి ఉంటుందో కంప్యూటర్ అంచనా మాత్రమే కడుతుంది. మీ వయసు, రాత్రి నిద్ర పట్టిందా లేదా, పడవలో వాంతులై ఒంట్లో నీరు తగ్గిందా అన్నవి దానికి తెలియవు. అందుకే జాగ్రత్త సెట్టింగ్ పెంచుకోండి. పెరిగ్రిన్‌లో మీడియం 40/85, హై 35/75. ఆ రెండో అంకె, పైకి తేలేసరికి లెక్క ఒప్పుకునే గరిష్ఠ ఒత్తిడిలో ఎంత శాతం దగ్గర ఆగాలో చెబుతుంది. 75కి మారిస్తే నీటిలో కొన్ని నిమిషాలు పోతాయి. అరవై దాటినవాళ్లు ఆ నిమిషాలు వదులుకోవాలన్నదే నా గట్టి అభిప్రాయం. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల సేఫ్టీ స్టాప్ ఎలాగూ ఉంటుంది, దాన్ని 5 నిమిషాలు చేయండి. వరుసగా కొన్ని రోజులు డైవ్ చేస్తే విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు విరామం ఉండాలి. అందుకని అండమాన్ లాంటి చోటికి వెళ్తే తిరుగు టికెట్ మర్నాడు పొద్దున్నే తీసుకోకండి. బీపీ మందులు వాడుతుంటే, డైవింగ్ చేస్తానని డాక్టర్‌కి ముందే చెప్పండి. గుండె తట్టుకుంటుందా అన్నది ఏ కంప్యూటరూ చూడలేదు.

ప్రశ్న: రెండేళ్లుగా బీరువాలో ఉన్న కంప్యూటర్‌ని మళ్లీ వాడొచ్చా?
- కాకినాడ పాఠకుడు

జవాబు: ముందు బ్యాటరీ మార్చండి, దాంతోపాటే రబ్బరు ఓ-రింగ్ కూడా. దాని మీద ఒక్క వెంట్రుక, ఇసుక రేణువు ఉన్నా నీరు లోపలికి వస్తుంది. లోపల తుప్పు గానీ ఆకుపచ్చ మరక గానీ కనిపిస్తే సర్వీసుకి పంపండి. బ్యాటరీ తీస్తే కొన్ని మోడళ్లలో పాత డైవ్‌ల లెక్క చెరిగిపోతుంది. కాబట్టి రెండు డైవ్‌ల మధ్య ఎప్పుడూ మార్చొద్దు. తేదీ, సమయం, గ్యాస్ సెట్టింగ్ సరిచూడండి. కిందటిసారి పెట్టిన నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) శాతం అలాగే ఉండిపోయి, మీరు మామూలు గాలితో దిగితే లెక్క తప్పుతుంది.

డైవ్ అయ్యాక మంచినీళ్లలో కాసేపు నానబెట్టి, నీడలో ఆరబెట్టండి. ఒత్తిడి సెన్సర్ రంధ్రంలో పిన్నుతో గుచ్చొద్దు, గాలి పైపుతో ఊదొద్దు. మొదటి డైవ్ తక్కువ లోతులో చేసి, తోటి డైవర్ కంప్యూటర్‌తో లోతు పోల్చండి. ఒక మీటరుకు మించి తేడా వస్తే దాన్ని ఇక వాడకండి.